కేకబండ మీద పదికి పది

ఒక పెద్ద అడవిలో అంటూ ఎత్తుకోవడం ఆనవాయితీ గనక నేనూ అలాగే ఎత్తుకుంటున్నాను గానీ, నిజం చెప్పాలంటే అది అంత పెద్ద అడవేం కాదు. పొద్దున బయల్దేరిన తాబేలు మూడోనాటికల్లా అవతలి అంచున ఉండేది. కానీ అక్కడి వార్తల్లో రోజూ "మన విశాల మహారణ్యం" అని చెప్పేవాళ్ళు. విని విని చీమలక్కూడా అది పెద్దదనే అనిపించేది. మనకెందుకొచ్చిన గొడవ, పెద్దదే అనుకుందాం.

మీరు మాత్రం మధ్యమధ్యలో ఊఁ కొడుతూ ఉండాలి. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే నాకు కథ చెప్పబుద్ధి కాదు. పైగా ఈ కథలో గొడవంతా ఆ ఊఁ దగ్గరే మొదలైంది.

ఆ అడవి నడుమ ఓ నల్లటి బండ ఉండేది. కేకబండ అనేవాళ్ళు. ఎవరు ఏ కబురు చెప్పాలన్నా దాని మీదికెక్కి చెప్పాలి. కింద కూర్చున్నవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ పడితే అది వార్త. పడకపోతే వట్టి అరుపు. తాతముత్తాతల నాటి ఆచారం. ఓసారి జడివాన కురుస్తుంటే, బండెక్కి చెప్పేవాడు లేక, ఊఁ కొట్టేవాడు లేక, అందరూ తడుస్తూనే ఎండగా ఉందని చెప్పుకున్నారట. ఈ ముక్క నేను నమ్మను. ఆ అడవివాళ్ళని చూశాక నమ్మకుండా ఉండడమూ కష్టంగానే ఉంది.

రోజూ పొద్దున్నే వార్తలు చదివేది గోరింక. గొంతు మంచిది, తల ఖాళీ. ఆ ఖాళీలో ఏం పెట్టాలో జంబయ్య అనే నక్క చూసుకునేవాడు.

"ముఖ్యాంశాలు!" అని అరిచేది గోరింక. "తూర్పు వాలులో కదిలిన పొద! కదిపింది ఎవరు? పులేనా? పులి కాదని ఎవరైనా రుజువు చెయ్యగలరా? ఇన్నాళ్ళుగా పులి మౌనం వెనుక ఉన్న రహస్యమేమిటి? వివరాలు కాసేపట్లో!"

కాసేపట్లో వివరాలు వచ్చేవి కావు. ప్రకటన వచ్చేది.

"పులికి మీ వాసన తెలుసు. మీ పిల్లల వాసనా తెలుసు. అందుకే జంబయ్య బురద! ఒక్క దొప్పెడు ఒంటికి పూస్తే చాలు, పులి మీ పక్కనుంచే పోతూ మిమ్మల్ని రాయి అనుకుంటుంది. పదిమంది కుందేళ్ళలో తొమ్మిదిమంది వాడేది జంబయ్య బురద!"

ఆ పదో కుందేలు ఏమైందని ఎవరూ అడగలేదు. ఏమై ఉంటుందో ఎవరికి వాళ్ళే ఊహించుకుని దొప్ప కొనుక్కునేవాళ్ళు.

నెమలి కూడా బండెక్కి, "నేను వాడేది ఇదే" అని చెప్పి దిగింది. బురద పూసుకున్న నెమలిని ఈ లోకంలో ఎవరైనా చూశారా? చూడలేదు. అయినా ఊఁ పడింది.

దొప్పకి బదులు ఎవరింట్లో ఏముంటే అది ఇవ్వాలి. ఎలుగుబంటి తేనెపట్టు ముక్క ఇచ్చేవాడు, కొండముచ్చు నేరేడు పళ్ళు ఇచ్చేవాడు. పిట్టలైతే గుడ్డు. జంబయ్య మాంసం మానేశానని ప్రకటించి అప్పటికి ఏడాది. గుడ్డు శాకాహారమేనని ఆయన అభిప్రాయం. ఆ అభిప్రాయాన్నీ గోరింక బండ మీంచి చదివింది, దానికీ ఊఁ పడింది.

తూర్పు వాలు అడుగున గడ్డిలో కౌజమ్మ అని ఓ కౌజుపిట్ట కాపురం ఉండేది. నేలమీదే గూడు. కిందటి వేసవిలో ఆమె గుడ్లు పెట్టి, పులి భయానికి ఒక దొప్ప తెచ్చుకుంది. ఒక గుడ్డు పోయింది. వేసవి జల్లుకి పూత కరిగితే ఇంకో దొప్ప తెచ్చుకుంది. "సగం పూతతో తిరిగేవాళ్ళంటే పులికి మరింత మంట" అని వార్తల్లో వస్తే ఇంకోటి తెచ్చుకుంది. ఎండలు ముదిరేసరికి ఆమె ఒంటినిండా బురద ఉంది, గూట్లో గుడ్డు లేదు.

"పిల్లల్ని కాపాడుకుందామని పిల్లల్నే ఇచ్చుకున్నానే, నా బుద్ధి కాలా!" అని ఆ తల్లి గుండెలు బాదుకుని ఏడ్చింది.

పులి మాత్రం రాలేదు. పులి రాలేదు గనక బురద పనిచేసినట్టే అని మర్నాడు వార్త. ఊఁ పడింది.

ఇదిలా ఉండగా ముళ్ళపంది మేష్టారు కూడా ఓ దొప్ప పూసుకున్నారు. ఎండకి బురద బిగుసుకుపోయి ముళ్ళన్నీ ఒంటికి అతుక్కున్నాయి. పన్నెండు రోజులు ఒక్క ముల్లూ లేవలేదు. ఆ పన్నెండు రోజుల్లో ఓ కప్ప కూడా ఆయన్ని "ఏరా" అని పిలిచి పోయింది. మేష్టారికి ఒళ్ళు మండింది. రోజూ కేకబండ కింద కూర్చుని వార్తల్ని ముక్కముక్కలుగా విప్పి చూడడం మొదలుపెట్టారు. విప్పిందల్లా ఎండిన వాగులో ఇసుక మీద కూర్చుని పదిమందికీ చెప్పడం మొదలుపెట్టారు.

"గోరింక నోట జంబయ్య పొద కదిలింది అన్నాడు. అక్కడితో ఆగాడా? పులేనా అని అడిగాడు. అడిగినవాడికి అబద్ధమాడిన పాపం అంటదు చూశారూ, జవాబు మీ నోట్లోంచి మీరే చెప్పుకుంటారు. ఇది భయం పద్ధతి. తొమ్మిదిమంది కుందేళ్ళు అన్నాడు. ఇది గుంపు పద్ధతి. నెమల్ని ఎక్కించాడు. ఇది పెద్దపేరు పద్ధతి. ఈ రోజే, ఇప్పుడే అంటాడు. ఇది తొందర పద్ధతి."

"మరి మేం ఏం చెయ్యాలండీ?" అంది కౌజమ్మ. రోజూ ముందు వరసలో కూర్చునేది ఆమే.

"నాలుగు ప్రశ్నలమ్మా. చెప్పేవాడెవడు? చెబితే వాడికొచ్చేదేమిటి? చెప్పకుండా మింగిందేమిటి? ఈ మూడూ అయ్యాక నాలుగోది. లేచి వెళ్ళి చూశావా?"

"మొదటి మూడూ తెలిశాక మళ్ళీ నడవడం ఎందుకండీ, కాళ్ళీడ్చుకుంటూ?"

"ఆ మూడూ వాడి సంగతి చెబుతాయి. పొదలో ఏముందో చెప్పవు. దొంగ నోట కూడా ఒక్కోసారి నిజం వస్తుంది. దానికి నడకే మందు."

కౌజమ్మ ఆ మధ్యాహ్నమే నడిచింది. సాయంత్రానికి తిరిగొచ్చి, "పొదలో తొండ ఉందండీ" అంది. "నన్ను చూసి అదే జడుసుకుంది."

అంతే. తొండ కబురు అడవంతా పాకింది. వారం తిరిగేసరికి జంబయ్య గుంట దగ్గర దొప్పలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. గోరింక "పులేనా?" అని అరిస్తే కింద నుంచి "తొండేనా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. జంబయ్యా నవ్వాడు. నవ్వి, తిన్నగా అడవి అధ్యక్షుడైన ఎలుగుబంటి దగ్గరికి పోయాడు.

ఎలుగుబంటిని అధ్యక్షుణ్ణి చేసింది ఎవరూ కాదు. పాత అధ్యక్షుడు పోయిన రోజున ఈయన ఆ కుర్చీరాయి మీద నిద్రపోతున్నాడు. లేపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

"అధ్యక్షా, మేష్టారి పాఠాలు అద్భుతం" అన్నాడు జంబయ్య.

"నిన్నే తిడుతున్నాడటగా?"

"విద్య విద్యేనండి. అలాంటి చదువు ఇసుకలో కూర్చుని చెప్పడం మన అడవికే నామోషీ. కేకబండ దగ్గరికి తెద్దాం. వార్తా పరీక్షా సభ అని పెడదాం. ఇకమీదట వార్తకి ఊఁ కొట్టక్కర్లేదు. అందులో పద్ధతులు కనిపెట్టాలి, పదికి మార్కులెయ్యాలి. బాగా కనిపెట్టినవాళ్ళకి చెవి వెనక ఈక."

ఎలుగుబంటికి ఈక నచ్చింది. "ఆ నాలుగో ప్రశ్నేదో ఉందటగా? నడవాలిట?"

"ఎండలు కదండీ, పెద్దల మోకాళ్ళు చూసుకోవాలి కదా. దాన్ని పై తరగతిలో పెడదాం."

"పై తరగతి ఎప్పుడు?"

"కింది తరగతి అయ్యాక" అన్నాడు జంబయ్య.

సభ ఆరంభం రోజున మేష్టారికి అడవిపూల దండ వేశారు. అది ముళ్ళకి గుచ్చుకుని మరి ఊడిరాలేదు. వాడిపోయాక కూడా ఆయన దాంతోనే తిరిగారు. తీసేయడానికి పెద్దగా ప్రయత్నించినట్టూ కనబడలేదు.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, నాలుగోది లేకపోతే ఎలా జంబయ్యా?" అని ఒకసారి మెల్లగా అడిగారు.

"మీ పేరు బండ మీద చెక్కిద్దామనుకుంటున్నాం మేష్టారూ. పెద్ద అక్షరాలా, మరీ పెద్ద అక్షరాలా అని ఆలోచిస్తున్నాం."

మేష్టారు దండ సవరించుకున్నారు. "మరీ పెద్దవి ఎందుకులే. పెద్దవి చాలు" అన్నారు.

ఇక చూడండి ఆ అడవి సందడి! చెట్టు మీదివాడు, చెట్టు కిందివాడు, బొరియలోవాడు, ఒకటే పద్ధతులు కనిపెట్టడం. కొండముచ్చుకి మూడు ఈకలు వచ్చాయి. ఆయన ఇంటిదగ్గర కూడా ఊరుకోడు. పెళ్ళాం "అన్నం చల్లారిపోతోంది, రండి" అంటే "తొందర పద్ధతి" అని మార్కులేసేవాడట. ఆవిడ పుట్టింటికి పోతే అది ఏ పద్ధతో తేల్చలేక రెండు రోజులు బాధపడ్డాడు.

అప్పుడు జంబయ్య కొత్త ప్రకటన వదిలాడు. ఈసారి గోరింకని పక్కన పెట్టి తనే బండెక్కాడు.

"అయ్యలారా, అమ్మలారా. ఇది ప్రకటన. దాచేదేం లేదు. ఇందులో పులి ఉంది, తొమ్మిదిమంది కుందేళ్ళున్నారు, ఈ రోజే అని కూడా ఉంది, మొత్తం ఆరు పద్ధతులు పెట్టాను. మామూలువాళ్ళయితే వీటికి పడిపోతారు. మీరు పడరు. మీలాంటి చదువుకున్నవాళ్ళ కోసమే ఈ బురద. ఆరూ కనిపెట్టినవాళ్ళు ఒక దొప్ప తీసుకుంటే రెండోది ఊరికే!"

సభ ఉర్రూతలూగింది. "భయం!" "గుంపు!" "తొందర!" అని అరుపులు. ఆరూ కనిపెట్టేశారు. కనిపెట్టిన ఊపులో వరస కట్టి దొప్పలు పట్టుకుపోయారు. సాయంత్రానికి గుంటలో బురద సగానికి దిగింది.

"ఇందులో ఏడోది ఉందండీ" అంది కౌజమ్మ. "మీలాంటి చదువుకున్నవాళ్ళు అన్నాడు చూడండి, అది."

"అది పద్ధతి ఎలా అవుతుందమ్మా? అది నిజం కదా!" అన్నాడు కొండముచ్చు.

పొగడ్త గురించి మేష్టారు ఎప్పుడూ పాఠం చెప్పలేదు. చెబుదామనుకున్న రోజునే ఆయనకి దండ పడింది.

కౌజమ్మ దొప్ప తీసుకోకుండానే ఇంటికి పోయింది. ఆ ఏడు ఆమె మళ్ళీ గుడ్లు పెట్టింది. ఈసారి ఒక్కటీ ఎవరికీ ఇవ్వలేదు. పొదిగే రోజులు దగ్గర పడ్డాయి. చెవి ఆనిస్తే లోపల కదలిక తెలుస్తోంది. ఆ కదలిక వింటూ ఆమె రోజంతా అలాగే కూర్చునేది. కిందటేడు పోయినవి గుర్తొచ్చి కళ్ళు తుడుచుకునేది.

మండువేసవి. ఓ పొద్దున వాలు పైన వెదురుపొదలో టపటపమని చప్పుడు. కౌజమ్మ తలెత్తి చూసింది. గట్టు మీద పొగ. గాలికి వెదుళ్ళు రాసుకుని నిప్పు పుట్టింది. కిందంతా ఎండుగడ్డి. గాలి కిందికే కొడుతోంది. గుడ్లని మోసుకుపోవడానికి ఆమెకి చేతులా పాడా?

ఎగురుతూ పరిగెడుతూ కేకబండ ఎక్కింది.

"నిప్పు! గట్టు మీద వెదుళ్ళు అంటుకున్నాయి! నిప్పండీ, నిప్పు! ఇప్పుడే లేవండి, పిల్లాజెల్లా ఉన్నవాళ్ళు మడుగులోకి పొండి! నా గుడ్లు అక్కడే ఉన్నాయి, మట్టి తవ్వగలిగినవాళ్ళు ఎవరైనా వచ్చి సాయం పట్టండి, మీ కాళ్ళు మొక్కుతాను!"

సభ చెవులు రిక్కించి వింది. కొండముచ్చు గడ్డం గోక్కున్నాడు.

"ఎత్తుకోవడం బాగుంది. భయం పద్ధతి."

"నిప్పు అని మూడుసార్లు అంది. మళ్ళీమళ్ళీ పద్ధతి" అంది కుందేలు.

"ఇప్పుడే అంది, తొందర."

"గుడ్లూ, పిల్లాజెల్లా అంది, జాలి."

"మార్కులు?" అన్నాడు ఎలుగుబంటి కళ్ళు తెరవకుండానే.

"ఆరు వేయొచ్చండి" అన్నాడు కొండముచ్చు. "ఏడు వేద్దును గానీ మధ్యలో ఆయాసపడింది. ఊపిరి మీద పట్టు లేదు."

"అయ్యో, మీ మార్కులు తగలెయ్య! వెళ్ళి చూడండయ్యా! ఆ మద్దిచెట్టు దాటితే కనబడుతుంది!"

"వెళ్ళి చూడడం పై తరగతమ్మా" అన్నాడు ఎలుగుబంటి.

జంబయ్య మర్యాదగా ముందుకొచ్చాడు. "ఇంతకీ నువ్వు అమ్ముతున్నదేమిటి కౌజమ్మా?"

"నేనేం అమ్మడం లేదు!"

"చూశారా!" అన్నాడు జంబయ్య సభకేసి తిరిగి. "ఏమీ అమ్మడం లేదని చెప్పడం. ఇది కొత్తది. అందరూ గుర్తుపెట్టుకోండి."

అందరూ గుర్తుపెట్టుకున్నారు. వెనక వరసలో ఓ దుప్పి ముక్కెగబీల్చి, "నిజంగానే పొగ వాసన వస్తోందే" అన్నాడు. "వాతావరణం కల్పించడం అంటారు దాన్ని" అని కొండముచ్చు సర్దిచెప్పాడు. దుప్పి సిగ్గుపడి కూర్చున్నాడు.

కౌజమ్మ బండ దిగి కుందేలు దగ్గరికి పోయింది. "వదినా, నీ బొరియ నా గూటి పక్కనే. పదేళ్ళ ఇరుగుపొరుగు. నువ్వైనా రావే."

కుందేలు తూర్పుకేసి చెవులు తిప్పింది. పాపం, లేవబోయింది కూడా. మళ్ళీ చెవి వెనక ఈక సర్దుకుని కూర్చుంది. "నువ్వు నామీద వాడుతున్నది దగ్గరితనం పద్ధతి వదినా. ఏమీ అనుకోకు."

అప్పుడు ముందు వరసలోంచి మేష్టారు లేచారు. వాడిపోయిన దండ ఇంకా ముళ్ళకి వేలాడుతోంది. తూర్పుకేసి నడక మొదలుపెట్టారు. మద్దిచెట్టు దాకా నడిచి, చూసి, అక్కణ్ణుంచి పరుగు లంకించుకున్నారు. కౌజమ్మ వెనకే.

"నాలుగోది తీసేస్తుంటే నోట్లో ఏం పెట్టుకున్నారండీ?" అంది కౌజమ్మ పరిగెడుతూనే, ఏడుస్తూనే. "నాకు చెప్పిన పాఠం వాళ్ళకి ఎందుకు చెప్పలేదు?"

"దండేశారమ్మా" అన్నారు మేష్టారు. "ఒక దండకి అమ్ముకున్నాను. తర్వాత తిట్టు, ఇప్పుడు గూడు ఎక్కడో చూపించు."

మట్టి తవ్వడం ముళ్ళపందికి పుట్టుకతో వచ్చిన పని. గూటి చుట్టూ గడ్డి పీకి, నేల గుల్ల చేసి, మనిషి అడుగు పొడవున చుట్టూ బోడిగా చేసేశారు. అదీ చాలదనిపించింది. జంబయ్య బురదగుంట అక్కడికి కూతవేటు దూరం. మేష్టారు పోయి అందులో దొర్లారు. పన్నెండు రోజులు తన ముళ్ళని కట్టిపడేసిన ఆ బురదనే ఒంటినిండా మోసుకొచ్చి గూటి చుట్టూ దులిపారు. మళ్ళీ పోయారు, మళ్ళీ తెచ్చారు. కౌజమ్మ కాళ్ళతో దాన్ని మెత్తింది. ఆఖరికి ఆమె గుడ్ల మీద కూర్చుని రెక్కలు పరిచింది. మేష్టారు ఆమెకి అడ్డంగా, మంట వచ్చే వైపుకి వీపు పెట్టి కూర్చున్నారు. దండ ఎప్పుడు ఊడిపోయిందో ఆయనకి తెలీదు.

ఇక్కడ ఇలా ఉందా, అక్కడ సభ ముగిసింది. జంబయ్య మధ్యాహ్నం కునుకు కోసం ఇంటికి బయల్దేరాడు. ఆయన గుహ వాలులో పైన, వెదుళ్ళ పక్కనే. సగం దారిలో ఆగిపోయాడు. గుహ నోట్లోంచి మంట ఎగుస్తోంది. గుహ ముందు దాచుకున్న దొప్పలు లేవు. ఆయన చూస్తుండగానే ఓ నిప్పురవ్వ వచ్చి తోక మీద వాలింది.

ఆ పరుగు ఇంతా అంతా కాదు. సభవాళ్ళు ఇంకా ఈకల గురించి మాట్లాడుకుంటూ అక్కడే ఉన్నారు. జంబయ్య బండెక్కాడు.

"నిప్పు! బాబోయ్, నిప్పు! కౌజమ్మ చెప్పింది నిజం! నా ఇల్లు పోయింది, నా సరుకు పోయింది! పారిపొండి! ఈసారి నిజంగా చెబుతున్నాను, నా తల్లితోడు!"

సభ ముందుకు వంగి వింది. తర్వాత చప్పట్లు మోగాయి.

"అదీ!" అన్నాడు కొండముచ్చు లేచి నిలబడి. "ఒకే అంశం. అదే భయం, అదే తొందర. కౌజమ్మ చెప్పిందానికీ జంబయ్యగారు చెప్పిందానికీ తేడా చూశారా? 'ఈసారి నిజంగా' అన్నారు. అబ్బ!"

"తొమ్మిది" అన్నాడు ఎలుగుబంటి, ఈసారి కళ్ళు తెరిచి.

"మీ తొమ్మిది మండిపోనూ! నా తోక చూడండిరా!" అని జంబయ్య వెనక్కి తిరిగి తోక చూపించాడు. అది ఇంకా రాజుతూనే ఉంది.

"వస్తువుతో సహా చూపించడం!" కొండముచ్చు రెండు చేతులూ జోడించాడు. "అధ్యక్షా, పదికి పది. నా అనుభవంలో ఇంతవరకూ ఎవరికీ వెయ్యలేదు."

జంబయ్య బండ మీదే కూలబడి ఏడ్చాడు. చూస్తున్నవాళ్ళలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఎలుగుబంటి స్వయంగా లేచివచ్చి ఆయన మెడలో దండ వేశాడు. వేస్తుండగా దండ చివర అంటుకుంది. అప్పుడు గానీ అధ్యక్షులవారు తలెత్తి చుట్టూ చూడలేదు.

ఆ తర్వాత ఎవరూ ఏ పద్ధతీ చూసుకోలేదు. తోసుకుంటూ, తొక్కుకుంటూ మడుగులో పడ్డారు. పీకల్లోతు నీళ్ళలో సాయంత్రం దాకా నిలబడ్డారు. కుందేలు బొరియ పోయింది. కొండముచ్చు నేరేడుచెట్టు పోయింది. ఎలుగుబంటి తేనెపట్లన్నీ కరిగి నేలపాలయ్యాయి. ఈకలు మాత్రం తడవకుండా తలపైకి ఎత్తి పట్టుకున్నారు.

మంట తూర్పు వాలు దిగి, కౌజమ్మ గూటి దాకా వచ్చి, బోడినేలా పచ్చిబురదా తగిలేసరికి రెండుగా చీలి అటూ ఇటూ పోయింది. మేష్టారి వీపున సగం ముళ్ళు కమిలాయి. గుడ్లు వెచ్చగా ఉన్నాయి. కౌజమ్మ చెవి ఆనించింది. లోపల కదలిక ఉంది. ఆమె మేష్టారి కాళ్ళ మీద తలపెట్టి బావురుమంది. ఆయనా ఏడ్చారు. తిట్టడానికి మిగిలిన తిట్లు ఆమె మరి తిట్టలేదు.

మూడోరోజు విచారణ జరిగింది. నివేదిక గోరింక చదివింది.

"కౌజమ్మ ప్రసంగంలో అయిదు పద్ధతులు, జంబయ్యగారి ప్రసంగంలో ఏడు పద్ధతులు సభ సకాలంలో కనిపెట్టింది. సభ తరఫున ఏ లోపమూ లేదు. అయితే నిప్పు ఎటువంటి పద్ధతీ వాడకుండా వచ్చినందువల్ల దాన్ని గుర్తించడం సాధ్యపడలేదు."

అందరూ చాలాకాలం తర్వాత ఊఁ కొట్టారు.

తోక లేని జంబయ్య ఆ సాయంత్రమే కౌజమ్మ గూటికి వచ్చాడు. "నా బురద వల్లే గుడ్లు దక్కాయని ఒక్కమాట బండెక్కి చెప్పు కౌజమ్మా. అబద్ధం చెప్పమనడం లేదు కదా."

కౌజమ్మ ఆలోచించింది. "నిజమే. చెబుతాను" అంది.

మర్నాడు బండెక్కింది. "జంబయ్య గుంటలో బురద నా గుడ్లని నిప్పు నుంచి కాచిన మాట నిజం. అలాంటి బురద వాగులో ఇసుక కాస్త తవ్వితే మలుపు మలుపుకీ ఉంది. అందరిదీను. దొప్ప అక్కర్లేదు, ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. వెళ్ళి చూడండి."

జంబయ్య ముఖం మాడిపోయింది. సభ గుసగుసలాడింది.

"ఏమీ ఇవ్వక్కర్లేదుట! ఊరికే అనే పద్ధతి. పాతదే" అన్నాడు కొండముచ్చు. "ఏడు."

"ఈసారి ఆయాసపడలేదు" అంది కుందేలు మెచ్చుకోలుగా.

తర్వాత అందరూ లేచి, వరస కట్టి, జంబయ్య దగ్గర దొప్పలు తీసుకున్నారు. జంబయ్యకే నమ్మబుద్ధి కాలేదు. వెనక్కి తిరిగి కౌజమ్మని చూశాడు. ఆమె అప్పటికే బండ దిగి వెళ్ళిపోయింది, గూట్లో పెంకు చిట్లే వేళయిందని.

కౌజు పిల్లలకి ఓ వరం ఉంది. గుడ్డులోంచి బయటపడ్డ పూటే నడుస్తాయి. తడి ఆరీ ఆరకముందే అన్నీ లేచి నిలబడ్డాయి. మేష్టారు గూటి బయట కమిలిన వీపుతో కూర్చుని, కళ్ళార్పకుండా చూస్తున్నారు.

"అమ్మా, ఆ నల్లటిదేమిటి?" అంది మొదటిది, కాలిపోయిన వాలుకేసి చూసి.

కౌజమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

"పదండి, చూద్దాం" అంది.

నీతి: ఇల్లు అంటుకున్నప్పుడు అరవాల్సివస్తే కాస్త చక్కగా అరవండి, ఎవరూ రారు గానీ, మార్కులైనా పడతాయి.